వరద ముప్పున్న కాలనీల్లో పెద్దచెట్లు, పూడిన కాలువలు: హైదరాబాద్ నేపథ్యంలో ఒక పరిశీలన

సారాంశం

వర్షాకాలంలో నీట మునిగే కాలనీల్లో ఏటా రెండు ఫిర్యాదులు జంటగా వినిపిస్తాయి. కాలువలు పూడిపోయాయన్నది మొదటిది. వాటిని పూడ్చింది రోడ్డు పక్క చెట్ల ఆకులూ వేళ్లేనన్నది రెండవది. రెండవ ఫిర్యాదు ఫలితంగా నలభై, యాభై ఏళ్ల చెట్లు నేలకూలుతున్నాయి. కాలువలు మాత్రం మరుసటి ఏడు మళ్లీ పూడుతున్నాయి. ఈ ఫిర్యాదులో నిజమెంత, పొరపాటెంత అన్నది హైదరాబాద్ నగరం ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. పూడిక ఏర్పడే తీరు, వాననీటి విషయంలో చెట్టు చేయగల మేలు, దాని హద్దులు, వేళ్లకూ పైపులకూ గల సంబంధం, ఆకు రాలే కాలానికీ పూడిక తీసే కాలానికీ మధ్య ఉన్న ఎడం ఇందులో చర్చకు వస్తాయి. చెట్టునూ కాలువనూ వేర్వేరు విభాగాలు వేర్వేరు కాలపట్టికలతో నిర్వహించడమే సమస్యకు మూలమనీ, రెండింటినీ ఒకే పట్టికలోకి తేవడం పరిష్కారానికి తొలిమెట్టనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: వీధిచెట్లు, వాననీటి కాలువలు, నాలాలు, పూడికతీత, పట్టణ వరదలు, హైదరాబాద్, వాల్టా చట్టం.

1. ఉపోద్ఘాతం

1908 సెప్టెంబరు 28న మూసీ నదికి వచ్చిన వరద హైదరాబాద్ నగర చరిత్రను రెండుగా విభజించింది. వేలాదిమంది ప్రాణాలు కోల్పోయిన ఆ రోజున అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టును ఆశ్రయించి సుమారు 150 మంది బతికి బయటపడ్డారన్న కథనం నగర ప్రజల జ్ఞాపకంలో నిలిచిపోయింది. ఉస్మానియా ఆసుపత్రి ప్రాంగణంలో ఆ చెట్టు ఈనాటికీ ఉంది. ఆ వరద తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనల ఫలితంగా ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు రూపుదిద్దుకున్నాయి.

నూరేళ్ల తర్వాత నగరంలో వరద స్వరూపం మారింది. నది పొంగి ఊరిని ముంచడం కన్నా, ఊరిలో కురిసిన వాన ఊరి బయటికి పోలేక నిలిచిపోవడం తరచైంది. 2000 ఆగస్టు 24న నగరంలో ఒక్కరోజులో సుమారు 24 సెం.మీ. వర్షం కురిసింది. 2020 అక్టోబరు 13, 14 తేదీల్లో బేగంపేటలో 19 సెం.మీ.కు పైగా, శివార్లలోని ఘట్‌కేసర్ ప్రాంతంలో 30 సెం.మీ.కు పైగా వర్షపాతం నమోదైంది. ఏడాది మొత్తానికి సగటున 80 సెం.మీ. మేరకు వాన పడే నగరంలో, అందులో నాలుగో వంతు ఒక్కరోజులో కురవడం ఏ కాలువకైనా కఠిన పరీక్షే.

ఇటువంటి ప్రతి వరద తర్వాతా కారణాల అన్వేషణ జరుగుతుంది. చెరువు శిఖం భూముల ఆక్రమణ, నాలాల కుదింపు, ప్లాస్టిక్ వ్యర్థాలు మొదలైనవి చర్చలోకి వస్తాయి. కాలనీ స్థాయిలో మాత్రం వేలు ముందుగా ఎదుట కనిపించే చెట్టు వైపు తిరుగుతుంది. ఒకప్పుడు వరదలో మనిషిని నిలబెట్టిన చెట్టు నేడు వరదకు కారణంగా నిందపడుతోంది. ఈ నిందను విచారించకుండా తోసిపుచ్చడమూ, విచారించకుండా శిక్ష అమలు చేయడమూ రెండూ సరికావు.

2. నగర నైసర్గిక స్థితి – కాలువల తీరు

హైదరాబాద్ గ్రానైటు శిలల మీద వెలసిన నగరం. చాలాచోట్ల మట్టిపొర పలుచగా ఉండి, దాని కిందనే బండ తగులుతుంది. కురిసిన నీరు నేలలో లోతుకు ఇంకే అవకాశం స్వభావసిద్ధంగానే పరిమితం. ఈ స్థితిని గ్రహించిన పూర్వులు నీటిని ఇంకించడం కన్నా నిలుపుకోవడం మీద ఆధారపడ్డారు. ఎగువ చెరువు నిండి అలుగు పారితే ఆ నీరు దిగువ చెరువుకు చేరే గొలుసుకట్టు పద్ధతి దీని ఫలితమే. నేడు నాలాలుగా పిలుస్తున్నవాటిలో చాలావరకు ఆ చెరువులను కలిపిన వాగులూ వంకలే. హుస్సేన్‌సాగర్‌లో కలిసే కూకట్‌పల్లి, బల్కాపూర్, బంజారా, పికెట్ నాలాలు ఇందుకు ఉదాహరణలు.

వాగు కాలువగా, కాలువ కాంక్రీటు పెట్టెగా మారిన క్రమంలో రెండు మార్పులు జరిగాయి. మొదటిది, నేల కప్పబడింది. ఒక హెక్టారు స్థలంలో గంటకు 50 మి.మీ. చొప్పున వాన పడితే, అందులో సగం నీరే పారుతుందనుకున్నప్పుడు కాలువకు సెకనుకు సుమారు 70 లీటర్లు చేరుతాయి. అదే స్థలం సిమెంటుతో, తారుతో కప్పబడి 90 శాతం నీరు పారితే సెకనుకు 125 లీటర్లు చేరుతాయి. వాన మారకుండానే వరద పెరిగింది.

రెండవది, మురుగునీటికీ వాననీటికీ ఉండవలసిన ఎడం చెరిగిపోయింది. జనవ్యవహారంలో ‘డ్రైనేజీ’ అన్న ఒక్క మాటే రెండింటికీ వాడుకలో ఉంది. ఇంటి మురుగు పోయే పైపూ డ్రైనేజీయే, రోడ్డు పక్క వాననీటి కాలువా డ్రైనేజీయే. భాషలోని ఈ కలగలుపు ఆచరణలోనూ ఉంది. వాననీటి కాలువలోకి మురుగు వదలడం, మురుగు పైపులోకి మిద్దె మీది వాననీటిని మళ్లించడం అనేక కాలనీల్లో సాధారణం. అందువల్ల ఏడాది పొడవునా పొడిగా ఉండవలసిన వాననీటి కాలువ ఎప్పుడూ తడిగా, జిగటగా ఉంటుంది. రాలిన ఆకు ఆ జిగటకు అంటుకుంటుంది. పొడి కాలువలో అయితే ఆ ఆకు గాలికి కొట్టుకుపోయేది, లేదా చీపురుకు అందేది.

3. పూడిక ఏర్పడే క్రమం

పూడిక మట్టి, ప్లాస్టిక్, ఆకు అనే మూడు పదార్థాల కలయిక. ఇండ్ల నిర్మాణ స్థలాల నుండి కొట్టుకువచ్చే ఇసుక, రోడ్డు దుమ్ము కాలువ అడుగున చేరుతాయి. పాలిథిన్ సంచులు ఇనుప జాలీకి, కేబుళ్లకు చుట్టుకొని తెరలా ఏర్పడతాయి. ఆ తెర మీద ఆకులు ఒకదానిపై ఒకటి పేరుకుంటాయి. ఆకు ఒక్కటే ఉన్నప్పుడు నానుతుంది, చివుకుతుంది, నీటితోపాటు కొంతైనా ముందుకు కదులుతుంది. ప్లాస్టిక్ తెర తోడైనప్పుడు కదలదు. ఇసుక ఆ సందులను పూడ్చి ఆ తెరను గోడగా మారుస్తుంది. కాబట్టి కాలువలో నుండి తీసిన కుప్పలో ఆకులు ఎక్కువగా కనిపించినంత మాత్రాన అడ్డంకికి మూలం ఆకేనని తీర్మానించలేము.

అయితే ఒకచోట ఆకు ఒంటరిగానే దోషి కాగలదు. అది రోడ్డు మీది నీరు కాలువలోకి దిగే ముఖద్వారం. 60 సెం.మీ. పొడవు, 45 సెం.మీ. వెడల్పు గల జాలీని 20 సెం.మీ.కు పైగా పొడవుండే బాదం ఆకులు పాతిక చేరినా దాదాపుగా మూసివేస్తాయి. అప్పుడు కింద కాలువ ఖాళీగా ఉన్నా పైన రోడ్డు చెరువవుతుంది. వరద ఫిర్యాదు వచ్చినప్పుడు కాలువ నిండిందా, లేక నీరు కాలువలోకి దిగనే లేదా అన్నది మొదట తేల్చవలసిన ప్రశ్న. మొదటిదానికి యంత్రాలు కావాలి. రెండవదానికి చాలాసార్లు ఒక మనిషీ ఒక పారా చాలు.

పైపు లోపల చేరే పూడిక ప్రభావం కంటికి కనిపించే దానికన్నా ఎక్కువ. నిండుగా పారే గుండ్రటి పైపు మోసుకుపోగల నీటి పరిమాణం దాని వ్యాసం మీద చాలా తీవ్రంగా ఆధారపడుతుంది. 600 మి.మీ. పైపు పూడిక వల్ల 450 మి.మీ. పైపుతో సమానమైందనుకుంటే, వ్యాసంలో తగ్గింది నాలుగో వంతే. కాని ప్రవాహ సామర్థ్యం సగానికన్నా తక్కువకు పడిపోతుంది. ‘కొంచెమే పూడింది’ అన్న మాట ఈ లెక్క ముందు నిలవదు.

4. చెట్టు చేసే మేలు, దాని హద్దు

చెట్లుంటే వరదలు రావన్న వాదం కూడా ఆకుల మీది నింద వంటి అతిశయోక్తే. పది మీటర్ల వ్యాసం గల గుబురు ఉన్న చెట్టును తీసుకుందాం. దాని నీడ పడే నేల వైశాల్యం సుమారు 78 చదరపు మీటర్లు. ఆకులూ కొమ్మలూ కలిసి 2 మి.మీ. మేరకు వాననీటిని పట్టి ఉంచుతాయనుకుంటే, ఆ చెట్టు ఆపేది సుమారు 157 లీటర్లు. 10 మి.మీ. జల్లు పడినప్పుడు ఇది ఆ గుబురు మీద పడిన నీటిలో ఐదో వంతు. 190 మి.మీ. కుండపోతలో ఇది ఒక శాతం మాత్రమే. భారత వాతావరణ శాఖ వర్గీకరణ ప్రకారం 24 గంటల్లో 115.6 మి.మీ. దాటితే అతి భారీ వర్షం, 204.4 మి.మీ. దాటితే అత్యంత భారీ వర్షం. ఆ స్థాయి వానను చెట్టు ఆపలేదు.

మరి చెట్టు మేలు ఏమిటి? మొదటిది, ఏడాదిలో అత్యధికంగా పడేవి చిన్న, మధ్యతరహా వానలే. రోడ్డు మీద మోకాలి లోతు నీరు కాక అడుగు లోతు నీరు నిలిచే రోజుల విషయంలో చెట్టు ప్రభావం లెక్కలోకి వస్తుంది. రెండవది, వాన మొదలైన క్షణానికీ నీరు కాలువకు చేరే క్షణానికీ మధ్య వ్యవధిని గుబురు కొంత పెంచుతుంది. మూడవది, వేళ్లు నేలను గుల్లపరచి నీటిని లోపలికి దింపుతాయి. పలుచని మట్టిపొర గల హైదరాబాద్‌లో ఇది ముఖ్యం. వేళ్లు బండ పగుళ్లలోకి చొచ్చుకుపోయి నీటికి దారి చూపుతాయి. నాలుగవది, కాలువ గట్టునా చెరువు కట్టనా మట్టి కోతను తగ్గించి, పూడికలోని ప్రధాన భాగమైన ఇసుకను పుట్టినచోటనే ఆపుతాయి.

అయితే మూడవ మేలు జరగాలంటే చెట్టు చుట్టూ నేల కనిపించాలి. మొదలు దాకా సిమెంటు పోసిన చెట్టుకు నీరూ గాలీ అందవు. అది బలహీనపడి, వేళ్లను పైపైకి చాచి, కాలిబాటను పగలగొడుతుంది. ఆ పగులును చెట్టు నేరంగా చూపడం పరిపాటి. ఢిల్లీ నగరంలో చెట్ల చుట్టూ ఒక మీటరు వ్యాసార్థం మేరకు కాంక్రీటు తొలగించాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013 ఏప్రిల్‌లో ఆదేశించింది. ఒక మీటరు వ్యాసార్థమంటే చెట్టుకు మూడు చదరపు మీటర్ల నేల. తెలుగు నగరాల్లోని కాలిబాట పనుల ఒప్పందాల్లో ఈ ఒక్క షరతును చేర్చడం పెద్ద ఖర్చుతో కూడినది కాదు.

5. వేరు – పైపు

వేరు పైపును పగలగొడుతుందన్న అభిప్రాయం విస్తృతంగా ఉంది. వాస్తవంలో చెక్కుచెదరని పైపులోకి సన్నని వేరు చొరబడటం అరుదు. వేరు తేమనూ గాలినీ వెదుకుతూ పెరుగుతుంది. పాత కాలనీల్లో వేసిన పింగాణీ పైపుల అతుకుల వద్ద సిమెంటు ఊడినప్పుడు, రోడ్డు బరువుకు పైపు కుంగినప్పుడు వెంట్రుకవాసి సందు ఏర్పడి తేమ బయటికి వస్తుంది. ఆ తేమ వైపు సాగిన పిల్లవేరు లోపలికి ప్రవేశించి, అక్కడ దొరికే నీటితో, పోషకాలతో జుట్టుకుచ్చులా పెరుగుతుంది. ఆ తర్వాత అదే వేరు లావై అతుకును మరింత తెరుస్తుంది. అంటే మొదటి లోపం పైపుది. దాన్ని పెంచింది వేరు.

ఈ తేడా పరిష్కారాన్ని మారుస్తుంది. చెట్టును కొట్టివేసి పాత పైపును అలాగే ఉంచితే పక్క చెట్టు వేరో, ప్రహరీ గోడలోని రావి మొక్క వేరో అదే సందులోకి వస్తుంది. పైగా చెట్టు చచ్చిన తర్వాత కుళ్లిన వేళ్ల స్థానంలో ఏర్పడిన ఖాళీ వల్ల పైపు కుంగే అవకాశం ఉంది. చెట్టు ఉంచి, ఆ భాగంలో రబ్బరు వలయపు అతుకులున్న పైపును వేయడం ఎక్కువకాలం నిలిచే మార్గం. రావి, మర్రి, జువ్వి వంటి వృక్షాల విషయంలో మాత్రం మినహాయింపు అవసరం. ఇవి ఇరుకైన వీధిలో, పైపు పక్కన కొత్తగా నాటదగినవి కావు. ఇదివరకే పెరిగి ఉంటే పైపు మార్గాన్ని మార్చే అవకాశం ముందుగా పరిశీలించాలి.

6. ఆకు రాలే కాలం – పూడిక తీసే కాలం

జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2010లో వెలువరించిన పట్టణ వరదల మార్గదర్శకాలు ప్రధాన కాలువల పూడికతీతను ఏటా మార్చి 31 నాటికి పూర్తి చేయాలని సూచించాయి. తీసిన పూడికను కాలువ గట్టునే వదలరాదని కూడా చెప్పాయి. ఆచరణలో టెండర్ల ఆలస్యం వల్ల పని మే, జూన్ నెలల దాకా సాగుతుంది. గట్టున పోసిన పూడిక తొలి జల్లుకే తిరిగి కాలువలో చేరుతుంది.

గడువు పాటించినా మరొక సమస్య మిగులుతుంది. నగరంలోని చెట్లన్నీ ఒకే కాలంలో ఆకు రాల్చవు. రావి, వేప, కానుగ శిశిరంలో, అంటే సుమారుగా జనవరి చివరి నుండి మార్చి వరకు ఆకు రాల్చి ఉగాది నాటికి చిగురిస్తాయి. మార్చి నెలాఖరు పూడికతీత వీటికి సరిపోతుంది. కానుగ చిగురించిన తర్వాత ఏప్రిల్ నుండి జూన్ దాకా కిందంతా పరుచుకునేట్లు పూలు రాలుస్తుంది. ఎర్రతురాయి పూరేకులు వేసవి పొడవునా రాలుతుంటాయి. అడుగుకు పైగా పొడవుండే దాని చెక్కకాయలు ఎప్పుడు గాలి వీస్తే అప్పుడు పడతాయి. ఇవి పైపు మలుపులో అడ్డంపడితే ఆకుల కన్నా ప్రమాదకరం. పసుపు తురాయిగా పిలిచే కొండచింత వేసవిలో ఒకసారి, వర్షాకాలం చివర మరొకసారి పూస్తుంది. నిద్రగన్నేరు జిగురుకాయలు వేసవిలో రాలుతాయి. తీరప్రాంత పట్టణాల్లో విస్తారంగా కనిపించే బాదం ఏడాదిలో రెండుసార్లు ఆకు రాలుస్తుంది.

కనుక నగరమంతటికీ ఒకే తేదీ అన్న పద్ధతి కొన్ని వీధులకు ముందుగా, కొన్నింటికి ఆలస్యంగా పడుతుంది. వేపచెట్ల వీధికి మార్చి చివర ఒకసారి చాలు. తురాయి, కానుగ చెట్లున్న వీధికి జూన్ మొదటి వారంలో, మృగశిర కార్తె ప్రవేశానికి ముందు మరొకసారి ముఖద్వారాలు శుభ్రం చేయాలి. కొండచింతలున్న వీధిని సెప్టెంబరులో మళ్లీ చూడాలి. నగరంలోని పెద్ద వరదలు ఆగస్టు–అక్టోబరు మధ్య వచ్చిన సంగతి ఇక్కడ గుర్తుంచుకోదగినది. జూన్‌లో శుభ్రమైన కాలువ అక్టోబరుకు శుభ్రంగా ఉంటుందన్న హామీ ఏమీ లేదు.

వీటన్నింటికీ లొంగనిది ఒకటుంది. ఈదురుగాలి పచ్చి ఆకును, రెమ్మలను గంటసేపట్లో తెంచి రోడ్డు మీద పోస్తుంది. ఆ ఆకు ఏ పట్టికలోనూ ఉండదు. దానికి మందు వాన కురిసే రాత్రి పల్లపు ముఖద్వారాల వద్ద మనుషులను నిలపడమే. నగరపాలక సంస్థ వర్షాకాలపు అత్యవసర బృందాలకు కాలువల పటంతోపాటు చెట్ల పటం కూడా ఇస్తే, ఏ ముఖద్వారం ముందుగా మూసుకుపోతుందో వారు ఊహించగలరు.

7. కొమ్మ కోత, వేరు కోత

వరద కాలంలో చెట్టు వల్ల కలిగే అసలు ప్రమాదం ఆకు కాదు, కూలడం. తడిసి మెత్తబడిన నేలలో వేరు పట్టు తగ్గినప్పుడు గాలి తాకిడికి చెట్టు వేళ్లతో సహా ఒరుగుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని తాకినప్పుడు నగరంలోని పచ్చదనం పెద్దఎత్తున నేలకూలింది. ఆ స్థాయి గాలికి ఏ నిర్వహణా పూర్తి రక్షణ కాదు. అయితే మామూలు గాలికే కూలే చెట్ల వెనుక తరచుగా మనిషి చేసిన రెండు పనులు కనిపిస్తాయి.

మొదటిది ఒకవైపు కొమ్మల నరికివేత. కరెంటు తీగల కోసం తీగవైపు కొమ్మలను మొదలంటా కొట్టివేస్తే బరువు రెండోవైపుకు మళ్లుతుంది. తల నరికిన చోట వచ్చే గుబురు రెమ్మలకు పట్టు తక్కువ; అవే తర్వాతి గాలికి విరుగుతాయి. ఒక ఏడాదిలో పచ్చని గుబురులో నాలుగో వంతుకు మించి తీయకపోవడం, కొమ్మ మొదట్లోని ఉబ్బును వదిలి కోయడం, ఎండిన కొమ్మలను ముందుగా తీయడం వృక్ష సంరక్షణలో స్థిరపడిన సూత్రాలు. నరికిన కొమ్మలను అదే రోజు తరలించకుండా కాలువ పక్కన పేర్చడం పూడికకు నేరుగా ముడిసరుకు అందించడమే.

రెండవది వేరు కోత. ఇది మరింత తీవ్రమైనది. చెట్టు వేళ్లలో అత్యధిక భాగం పైనుండి ఒక మీటరు లోతులోపలే ఉండి, గుబురు అంచును దాటి పక్కలకు విస్తరిస్తుంది. వాననీటి కాలువను వెడల్పు చేసేందుకు చెట్టు పక్కనే యంత్రంతో గోతి తవ్వితే ఆ వైపు ఊతమిచ్చే వేళ్లన్నీ తెగుతాయి. అప్పటికి చెట్టు నిలబడే ఉంటుంది, పచ్చగానే కనిపిస్తుంది. రెండు మూడు వర్షాకాలాల తర్వాత కూలినప్పుడు ఎవరికీ ఆ గోతి గుర్తుండదు. బ్రిటిష్ ప్రమాణం 5837 ప్రకారం చెట్టు కాండం వ్యాసానికి పన్నెండు రెట్ల దూరాన్ని వేరు రక్షణ పరిధిగా లెక్కిస్తారు. 60 సెం.మీ. కాండానికి ఇది 7.2 మీటర్లు. భారతీయ నగరపు ఇరుకు వీధిలో ఇంత దూరం దొరకదు. దొరకనప్పుడు ఆ భాగంలో యంత్రం మాని చేత్తో తవ్వడం, లావు వేరు కిందుగా పైపును తోయడం, కాలువను చెట్టుకు ఎదుటి వైపుకు మార్చడం వంటి మార్గాలున్నాయి. వీటిలో ఏదీ సాధ్యం కాకపోతే చెట్టును తొలగించే నిర్ణయం బహిరంగంగా, ముందుగా జరగాలి. సగం వేళ్లు నరికి నిలబెట్టడం తొలగించడం కన్నా ప్రమాదకరం.

చట్టం ఈ విషయంలో మౌనంగా లేదు. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం, అంటే వాల్టా, చెట్టు కొట్టడానికి అనుమతి తప్పనిసరి చేసింది. నీటినీ చెట్టునూ ఒకే చట్టంలో చేర్చిన ఈ ఆలోచన విలువైనది. కాని వేరు కోతను చెట్టు కోతగా గుర్తించే అలవాటు క్షేత్రస్థాయిలో ఏర్పడలేదు. కాండం మీద గొడ్డలి పడితే అది నేరం. భూమి లోపల ఊతవేళ్లన్నీ తెగితే అది అభివృద్ధి పని.

8. శుభ్రపరిచే మనిషి

కాలువ, చెట్టు అన్న చర్చలో మూడవ పాత్ర తరచుగా మరుగున పడుతుంది. అది శుభ్రపరిచే కార్మికుడు. ప్రమాదకర పరిస్థితుల్లో మనుషులను మురుగు పైపుల్లోకి దింపడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. మరణించినవారి కుటుంబాలకు పది లక్షల రూపాయల పరిహారం చెల్లించాలని 2014లో సుప్రీంకోర్టు ఆదేశించింది. 2023లో ఆ మొత్తాన్ని 30 లక్షలకు పెంచింది. వాననీటి కాలువకు ఈ నిషేధం వర్తించదన్న ధోరణిలో పనులు జరిగేచోట, మురుగు కలిసిన ఆ కాలువలోనూ అవే విషవాయువులు ఉంటాయన్నది మరువరాదు. ఆకు కుళ్లినప్పుడు ప్రాణవాయువు తగ్గుతుంది. మూత వేసిన కాలువలో నెలల తరబడి నిలిచిన ఆకుల పూడిక ఒక ప్రాణాంతక గది.

కాబట్టి ఆకును రోడ్డు మీద ఉండగానే ఎత్తడం సౌందర్యానికి సంబంధించిన పని కాదు, మనిషి ప్రాణానికి సంబంధించిన పని. రోడ్డు ఊడ్చి ఆకులను ముఖద్వారంలోకి నెట్టే అలవాటు ఒక కార్మికుని పనిని తేలిక చేసి మరొక కార్మికుని ప్రాణం మీదకు తెస్తుంది. ఈ అలవాటుకు కార్మికురాలిని నిందించడం కూడా తగదు. ఊడ్చిన ఆకును పోయడానికి వీధిలో చోటు, తీసుకుపోవడానికి బండి లేనప్పుడు ఆమె ముందున్న దారులు రెండే: కాలువ, లేదా అగ్గిపుల్ల. 2016 నాటి ఘనవ్యర్థాల నిర్వహణ నియమాలు వ్యర్థాలను కాలువల్లో వేయడాన్నీ, వీధుల్లో తగలబెట్టడాన్నీ నిషేధించాయి. నిషేధం పాటించడానికి వీలుగా కాలనీ పార్కులో ఒక ఎరువు గుంటను ఏర్పరచడం నగరపాలక సంస్థ బాధ్యత. ఆకు ఎరువు తిరిగి ఆ చెట్ల పాదుల్లోకే చేరవచ్చు.

9. నిర్వహణ క్రమం: కొన్ని ప్రతిపాదనలు

పై పరిశీలన నుండి కాలనీ స్థాయిలో అనుసరించదగిన క్రమం ఒకటి రూపొందుతుంది.

మొదటిది, ఉమ్మడి పట్టిక. వీధిలోని ప్రతి పెద్దచెట్టు జాతి, కాండం చుట్టుకొలత, ఆరోగ్యం ఒకవైపు; దానికి దగ్గరలోని ముఖద్వారం, కాలువ లోతు, గతంలో నీరు నిలిచిన తేదీలు మరొకవైపు నమోదు కావాలి. కళాశాలల వృక్షశాస్త్ర, భూగోళ, సివిల్ ఇంజనీరింగ్ విభాగాల విద్యార్థులు క్షేత్రకార్యంగా చేపట్టదగిన పని ఇది.

రెండవది, ముఖద్వారాల మార్పు. ఆకు ఎక్కువగా రాలే వీధుల్లో నేల మీద పరిచిన జాలీకి తోడు, కాలిబాట అంచున నిలువుగా తెరిచిన మార్గం ఉంటే జాలీ మూసుకుపోయినా నీరు దిగుతుంది. దాని వెనుక మట్టి, ఆకు నిలిచే చిన్న గుంట ఉంటే పైపు లోపలికి పూడిక చేరదు. ఆ గుంట మూత భద్రంగా ఉండాలి. మూతలేని నాలాలు తెలుగు నగరాల్లో ప్రాణాలు తీసిన ఉదంతాలున్నాయి.

మూడవది, తొలగింపు నిర్ణయానికి ప్రమాణం. కాండం డొల్లబారడం, మొదట్లో పుట్టగొడుగులు రావడం, ఒక వైపు నేల ఉబ్బి చెట్టు కొత్తగా ఒరగడం తీవ్రమైన సంకేతాలు. ఇవి ఉన్న చెట్టును వర్షాకాలానికి ముందే నిపుణులు చూడాలి, అవసరమైతే తొలగించాలి. ‘ఆకులు రాలుస్తోంది’ అన్నది తొలగింపుకు కారణం కారాదు. తొలగించినచోట తగిన జాతిని తిరిగి నాటాలి.

నాలుగవది, బాధ్యత. రోడ్డు ఊడ్చేది ఒక విభాగం. నాలా తవ్వేది మరొకటి. చెట్టు చూసేది ఇంకొకటి. మురుగు పైపు, కరెంటు తీగ వేరే సంస్థలవి. వీటన్నింటి పనుల తేదీలు వార్డు స్థాయిలో ఒకే అధికారి వద్ద ఉండాలి. కొమ్మ కోత ముందు, పూడికతీత తర్వాత అన్న వరుస పాటిస్తే చాలు. అదనపు ఖర్చు లేకుండానే కొంత సమస్య తీరుతుంది. ప్రస్తుతం ఈ వరుస తలకిందులు కావడం తరచు.

ఈ ప్రతిపాదనలకు ఒక హద్దు ఉంది. కేంద్ర ప్రభుత్వం 2019లో వెలువరించిన వాననీటి పారుదల మాన్యువల్ మహానగరాల ప్రధాన ప్రాంతాలకు అయిదేళ్లకొకసారి వచ్చే వానను ప్రమాణంగా సూచించింది. దానికి మించిన వాన పడితే శుభ్రమైన కాలువ కూడా పొంగుతుంది. చెరువు శిఖంలో, వాగు దారిలో కట్టిన కాలనీని ఎంత ఆకు ఎత్తినా వరద వదలదు. 2020లో పల్లెచెరువు కట్ట తెగినప్పుడు దిగువ కాలనీలను ముంచిన నీటికి ఇంటి ముందటి చెట్టుతో సంబంధం లేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచినప్పుడూ అంతే. పెద్ద కారణాలను పరిష్కరించలేని చోట చిన్న కారణంగా చెట్టును చూపడం సులభం. ఆ సౌలభ్యమే ఈ నిందకు ఆయువు.

10. ముగింపు

వరద ముప్పున్న కాలనీలో నివసించే కుటుంబానికి ఇంట్లోకి నీరు రావడం సిద్ధాంత చర్చ కాదు. తడిసిన బియ్యం, పాడైన పుస్తకాలు, నిద్రలేని రాత్రులు వారి అనుభవం. వారు చెట్టు మీద కోపం చూపితే అది అర్థం చేసుకోదగినదే. అయితే ఆ కోపంతో చెట్టు కొట్టిన తర్వాతి వర్షాకాలంలోనూ అదే ఇంట్లోకి అదే నీరు వస్తే, వారు రెండు విధాల నష్టపోయినట్లు. నలభై ఏళ్ల నీడ పోయింది, నీరు ఆగలేదు.

ఆకు కాలువను పూడుస్తుందన్నది పాక్షిక సత్యం. సకాలంలో ఎత్తని ఆకు, ప్లాస్టిక్‌తో, ఇసుకతో, మురుగుతో కలిసి కాలువను పూడుస్తుందన్నది పూర్తి సత్యం. చెట్టు తన కాలాన్ని తప్పదు; ఏటా ఏ నెలలో ఏది రాలుస్తుందో ముందుగానే తెలుసు. తప్పుతున్నది నిర్వహణ కాలపట్టిక. చెట్టు కాలాన్ని బట్టి కాలువ పనిని అమర్చుకోవడం, కాలువ తవ్వేముందు వేరును చూడటం, రెండింటి మధ్య పనిచేసే మనిషిని కాపాడటం – ఈ మూడూ కలిసినప్పుడే వీధిలో చెట్టూ, కాలువా పక్కపక్కన మనగలుగుతాయి. ఏ జాతి చెట్ల వీధిలో ఏ నెలలో ఎంత పూడిక చేరుతుందో తెలుగు నగరాల్లో వార్డులవారీగా కొలిచే క్షేత్ర పరిశోధనలు జరగవలసి ఉంది. ఆ కొలతలే రేపటి పూడికతీత తేదీలను నిర్ణయించాలి.